మార్చిలో జపాన్ బడి: విద్యా సంవత్సరం ముగిసేటప్పుడు తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. మన దగ్గర ఏడాది చివర అంటే పరీక్షలు, ఫలితాలు. ఇక్కడ ప్రాథమిక పాఠశాలలో ఆ బెంగ లేదు. బరువంతా సామాను మీద, కాగితాల మీద, వీడ్కోళ్ల మీద పడుతుంది. పిల్లల కంటే అమ్మానాన్నలకే పని ఎక్కువ. ఒక్క విషయం మొదటే గట్టిగా చెబుతున్నాం: ఏప్రిల్ 1 రాగానే క్లాస్ టీచరు, తరగతి గది, ఒక్కోసారి హెడ్‌మాస్టరు కూడా మారిపోతారు. అడగాల్సింది ఏదైనా ఉంటే, మీ పిల్లల్ని ఏడాదిపాటు చూసిన మనిషి ఇంకా అక్కడ ఉండగానే అడగండి.

ఇక్కడ రాసింది ప్రభుత్వ షోగక్కో (1 నుంచి 6వ తరగతి), చూగక్కో (ఆ తర్వాతి మూడేళ్లు) గురించి. తేదీలు ఊరిని బట్టి మారతాయి. బడి ప్రతి నెలా ఇచ్చే కార్యక్రమాల కాగితంలో ఏముంటే అదే ఖాయం.

బడి సరిగ్గా ఏ రోజుతో అయిపోతుంది?

ఏడాది ముగింపు సభను షూర్యోషికి అంటారు. చాలా ఊళ్లలో అది మార్చి 24 లేదా 25న జరుగుతుంది. ఆ రోజు మధ్యాహ్నం లోపే వదిలేస్తారు, బడి భోజనం ఉండదు. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లలో ఇది తరచూ మర్చిపోయే సంగతి: పిల్లవాడు పదకొండున్నరకే ఆకలితో ఇంటికి వచ్చేస్తాడు.

ఆరో తరగతి వాళ్ల లెక్క వేరు. వాళ్లకు సోత్సుగ్యోషికి, అంటే పట్టా ఇచ్చే సభే చివరి రోజు. హైస్కూళ్లలో ఇది మార్చి మొదట్లో, చూగక్కోలో మార్చి మధ్యలో, షోగక్కోలో సుమారు 18 నుంచి 25 మధ్య వస్తుంది. మార్చి 20 లేదా 21న విషువత్తు సెలవు ఉంటుంది. కొత్త సంవత్సరం తరగతులు ఏప్రిల్ 6 నుంచి 10 మధ్య మొదలవుతాయి.

ఫారాలు నింపేటప్పుడు ఒక తికమక. ఏడాదిని జపాన్ చక్రవర్తి పాలన లెక్కలో, అంటే రేవా శకంలో రాస్తారు. 2026 ఫిబ్రవరి క్యాలెండరు ప్రకారం రేవా 8. విద్యా సంవత్సరం ప్రకారం మాత్రం ఇంకా రేవా 7, ఎందుకంటే అది 2025 ఏప్రిల్‌లో మొదలైంది. 'నెందో' అని ఉన్న గడిలో విద్యా సంవత్సరం రాయాలి.

వార్షిక పరీక్ష లేకపోతే పై తరగతికి ఎలా పంపుతారు?

అందరినీ పంపుతారు. షోగక్కో, చూగక్కో తొమ్మిదేళ్లలో మార్కులు తక్కువ వచ్చాయని అదే తరగతిలో ఉంచేయడం దాదాపు లేనే లేదు. షోగక్కోలో ఒక్కో పాఠం అయ్యాక చిన్న పరీక్ష పెడతారు, అంతే. చూగక్కోలో మాత్రం ఫిబ్రవరి చివర ఏడాది పరీక్షలుంటాయి. అక్కడి గ్రేడ్లు హైస్కూలు ప్రవేశానికి లెక్కలోకి వస్తాయి కాబట్టి వాటిని తేలిగ్గా తీసుకోకూడదు.

పాస్ అవడం ఖాయమని ఊరుకోవద్దు. భాష రాక పాఠం వెనకబడ్డ పిల్లలు కూడా వయసుతోపాటు పైకి వెళ్లిపోతారు, లోటు వెంట వస్తుంది. ముఖ్యంగా 2వ తరగతి చివరికి కుకు, అంటే ఎక్కాలు జపనీస్‌లో నోటికి రావాలి. 3వ తరగతి నుంచి భాగహారమంతా దాని మీదే నడుస్తుంది. ఇంట్లో తెలుగులోనో ఇంగ్లీషులోనో ఎక్కాలు వచ్చినా, క్లాసులో చెప్పే వేగానికి జపనీస్ పాఠమే కావాలి. వసంతం సెలవుల్లో ఒక్క పని చేయించగలిగితే అది ఇదే చేయించండి.

ప్రోగ్రెస్ కార్డు ఎలా చదవాలి?

దాన్ని త్సూచిహ్యో అంటారు. చాలా షోగక్కోలు అట్ట మీద 'ఆయుమి' అని వేస్తాయి. ర్యాంకు ఉండదు, శాతం ఉండదు. ప్రతి సబ్జెక్టుకూ మూడు కోణాలుంటాయి: తెలిసినదీ చేయగలిగినదీ ఒకటి, ఆలోచించి చెప్పగలగడం రెండోది, తనంతట తాను నేర్చుకోవాలనే పట్టుదల మూడోది. ఒక్కోదానికీ మూడు స్థాయిల్లో గుర్తు పెడతారు. చూగక్కోలో వీటికి తోడు 5 నుంచి 1 వరకు గ్రేడు ఇస్తారు.

మధ్య స్థాయి గుర్తు చూసి కంగారుపడకండి. అది 'బాగానే ఉన్నాడు' అనే అర్థంలో ఇచ్చేది, చాలామందికి అదే వస్తుంది. మూడో కోణంలో కింది స్థాయి వస్తే మాత్రం టీచరును అడగాలి. హోంవర్కు ఇవ్వకపోవడం, చెయ్యెత్తకపోవడం, నోట్సు రాయకపోవడం అక్కడే బయటపడతాయి.

హాజరు పట్టికలో గైర్హాజరు ఒక వరుస, అంటువ్యాధితో ఆపిన రోజులూ ఇంట్లో మరణం వల్ల రాని రోజులూ మరో వరుస. రెండో రకం గైర్హాజరు కిందికి రాదు. మొదటి రెండు టర్ముల్లో కార్డు మీద సంతకమో హంకో ముద్రో వేసి బడికి తిరిగి ఇచ్చి ఉంటారు. మార్చిలో వచ్చేది మీ దగ్గరే ఉంటుంది. అందులోనో, విడి కాగితంగానో ఆ తరగతి పూర్తయినట్టు హెడ్‌మాస్టరు ముద్రతో ధ్రువపత్రం ఉంటుంది. ఆరేళ్లవీ ఒకే ఫైల్లో దాచండి. ఇండియాలో బడి మారేటప్పుడు అడిగే మొదటి కాగితం అదే.

ఏడాది చివర్లో ఫ్లూ వస్తే ఎన్నాళ్లు పంపకూడదు?

చట్టంలోనే లెక్క ఉంది. జ్వరం మొదలయ్యాక 5 రోజులు గడవాలి, జ్వరం తగ్గాక 2 రోజులు కూడా గడవాలి. రెండూ పూర్తవ్వాలి. జ్వరం వచ్చిన రోజును సున్నాగా లెక్కపెడతారు. సోమవారం జ్వరం వచ్చి బుధవారం తగ్గినా, శనివారం దాకా ఆగాల్సిందే, కాబట్టి బడికి వెళ్లేది మళ్లీ సోమవారమే. శనివారం తగ్గితే ఆది, సోమ గడిచి మంగళవారం. కరోనాకైతే మొదలయ్యాక 5 రోజులు, లక్షణాలు తగ్గాక 1 రోజు.

చాలామంది చేసే పొరపాటు జ్వరం వచ్చిన రోజునే ఒకటిగా లెక్కపెట్టడం. అలా ఒక రోజు ముందే పంపితే బడి వెనక్కి పంపేస్తుంది. పట్టా సభకు వారం ముందు ఇలా జరిగితే వెంటనే టీచరుకు చెప్పండి. సభకు రాలేకపోయిన పిల్లలకు హెడ్‌మాస్టరు గదిలో విడిగా పట్టా ఇచ్చే ఏర్పాటు సాధారణంగా చేస్తారు.

సామానంతా ఎప్పుడు, ఎలా ఇంటికి తేవాలి?

ఇదే అసలు పని. ఏడాదిపాటు బడిలో ఉన్నదంతా మార్చిలో ఖాళీ అవ్వాలి. పిల్లలు నడిచే వస్తారు, చాలా బడులు కారుతో గేటు దగ్గరికి రానివ్వవు. వీపున రందోసెరు, అంటే బడి సంచి, ఉండగానే రెండు చేతులూ నిండిపోతాయి. అందుకే టీచర్లు మార్చి మొదటి వారం నుంచే రోజుకొకటి చొప్పున తీసుకెళ్లమని క్లాసు కాగితంలో రాస్తారు. రాయకపోతే ఈ వరుస పనికొస్తుంది:

మొదట బొమ్మలు, అట్టపనులు. ఆ తర్వాత చివరి బొమ్మల పీరియడ్ అయిన రోజు రంగుల పెట్టె, చివరి అక్షరకళ పీరియడ్ రోజు షూజి సెట్టు, చివరి సంగీతం రోజు కెంబన్ హార్మోనికా, అంటే గొట్టంతో ఊదుతూ మీటలు నొక్కి వాయించే వాద్యం. ఆటల పీరియడ్ అయిపోయాక దుస్తులు, ఎరుపు తెలుపు టోపీ. బల్ల సొరుగులోని ఓదోగుబాకో, అంటే చిన్న సామాను పెట్టె, ముగింపు సభకు ఒకటి రెండు రోజుల ముందు. ఆఖరి రోజు చేతిలో ఉవాబాకి, అంటే లోపల తొడిగే బూట్లు, కుర్చీకి తగిలించిన భూకంపం టోపీ, ప్రోగ్రెస్ కార్డు మాత్రమే మిగలాలి.

వంద యెన్‌ల దుకాణంలో దొరికే పెద్ద బట్ట సంచి ఒకటి ఫిబ్రవరి చివరే రందోసెరులో మడిచి పెట్టండి. అట్టబొమ్మలు తెచ్చే రోజు వాన ఉంటే 45 లీటర్ల చెత్త సంచి తలకిందులుగా తొడిగితే సరిపోతుంది.

ఇంటికి వచ్చిన వాటిని అలాగే అటక మీద పెట్టేస్తే ఏప్రిల్‌లో బాధపడతారు. షూజి సెట్టు సంగతే చూడండి. పెద్ద కుంచెను పెరుగు కప్పులో నీళ్లు పోసి, వెంట్రుకల మొదలు వేళ్లతో నొక్కుతూ నీళ్లు తేటపడేదాకా కడగాలి. వేడినీళ్లు వద్దు. చిన్న కుంచెను మాత్రం అలా కడగకూడదు. దాని వెంట్రుకలు మొదట్లో జిగురుతో గట్టిపరిచి ఉంటాయి, కడిగితే విచ్చుకుపోయి పేరు రాయడానికి పనికిరాదు. తడి కాగితం మీద మొన మాత్రం తుడవాలి. రెండింటినీ మొన కిందికి ఉండేలా వేలాడదీసి ఆరబెట్టండి. తడి మీద మూత పెడితే బూజు పడుతుంది. సిరా రాయిని ఉత్త నీళ్లతో కడిగితే చాలు. మిగిలిన సిరాను సీసాలో తిరిగి పోస్తే సీసా మొత్తం వాసన వస్తుంది. బట్టల మీద పడితే ఆ నలుపు పోదు కాబట్టి ఈ పని ముదురు రంగు చొక్కాతో చేయించండి.

హార్మోనికా గొట్టం లోపల ఉమ్మి ఎండి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు ఎక్కించి వదిలి, రెండు రోజులు ఆరనిచ్చి పెట్టెలో పెట్టాలి. టోపీ గడ్డం కింద లాస్టిక్ ఏడాదికి సాగిపోతుంది. కొత్త టోపీ కొనక్కర్లేదు, లాస్టిక్ ముక్క కొని కుట్టేస్తే చాలు. క్రేయాన్లు, రంగు పెన్సిళ్లు లెక్కపెట్టి, లేనివి విడిగా కొనండి. ప్రతి దాని మీదా పేరు ఉండాలి, పెన్సిల్ మీద కూడా. పేరు లేని వస్తువు పోయిన వస్తువుల పెట్టెలో చేరి అక్కడే ఉండిపోతుంది.

ఉవాబాకి కొత్త జత మార్చి నెలాఖరులో కొలిచి కొనండి. జనవరిలో కొంటే ఏప్రిల్‌కి బిగుసుకుపోవచ్చు. బొటనవేలి దగ్గర రబ్బరు రంగు తరగతిని బట్టి నిర్ణయించే బడులున్నాయి, రంగు అడిగి కొనాలి.

పాత పుస్తకాలు పారేయొచ్చా?

అన్నీ కాదు. పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇస్తారు, ఏప్రిల్‌లో కొత్తవి వస్తాయి. కానీ కొన్ని ఒకసారే ఇచ్చి ఏళ్ల తరబడి వాడిస్తారు. 3వ తరగతిలో ఇచ్చే అట్లాసు 6వ తరగతి దాకా కావాలి. ఆరోగ్యం పుస్తకం 3లో ఇచ్చింది 4లోనూ, 5లో ఇచ్చింది 6లోనూ వాడతారు. 5లో ఇచ్చే గృహశాస్త్రం పుస్తకమూ అంతే. పారేస్తే మళ్లీ ఉచితంగా రాదు, పాఠ్యపుస్తకాలు అమ్మే దుకాణం వెతుక్కుని కొనుక్కోవాలి. మార్చిలో ఇల్లు సర్దే ఊపులో జరిగే పొరపాట్లలో ఇది ముందుంటుంది. మిగతావి కూడా మే నెల దాకా ఒక డబ్బాలో ఉంచడం మంచిది.

ఓసోజికి, అంటే ఏడాది చివరి పెద్ద శుభ్రతకు, ఇంటి నుంచి ఏం పంపాలి?

రోజూ పిల్లలే తరగతి తుడుస్తారు. ఏడాది చివర ఇంకా పెద్ద ఎత్తున చేస్తారు: బల్లల కాళ్లకు అంటుకున్న జుట్టు, దుమ్ము తీయడం, కిటికీ పట్టాలు, బూట్ల అర, బల్ల మీది పేరు చీటీ గీకి తీయడం. నేల మైనం పూసే బడుల్లో బల్లలన్నీ వరండాలోకి మోస్తారు.

జోకిన్ అనే తుడుపు గుడ్డ ఒకటో రెండో పంపమంటారు. పాత టవల్ మడిచి అంచులు, మధ్యలో అడ్డంగా కుట్టుకోవచ్చు, లేదా దుకాణంలో కొనొచ్చు. మరీ మందంగా కుడితే పిల్లల చేతికి పిండటం రాదు. ఏప్రిల్‌లో మళ్లీ అడుగుతారు, ఒకేసారి నాలుగు తెచ్చి పెట్టుకోండి.

బడి భోజనం ఎప్పటిదాకా? అలర్జీ, శాకాహారం కాగితాలు మళ్లీ ఇవ్వాలా?

క్యూషోకు ముగింపు సభకు కొన్ని రోజుల ముందే ఆగిపోతుంది. చివరి తేదీ మార్చి మెనూ కాగితంలో ఉంటుంది. పట్టా వారంలో పండగ భోజనంగా ఎర్రబియ్యప్పొంగలి లాంటి సెకిహాన్ పెట్టడం వాడుక.

వడ్డన వంతు వచ్చిన వారం తెల్ల కోటు ఇంటికి తెస్తారు. చివరి వంతు మీదైతే దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలు చూసి సెలవుల లోపే తిరిగి ఇవ్వాలి. ఇంట్లో ఉండిపోతే ఏప్రిల్‌లో కొత్త తరగతికి ఒక కోటు తక్కువవుతుంది.

అలర్జీ ఉన్నవాళ్లకు డాక్టరు నింపే పత్రం ప్రతి ఏడాదీ కొత్తగా ఇవ్వాలి. బడి ఫిబ్రవరి ప్రాంతంలో ఖాళీ ఫారం పంపుతుంది. ఆసుపత్రి అపాయింట్‌మెంట్, ఫారం నింపడానికి పట్టే రోజులు కలిపితే మార్చి మధ్య దాటిపోవడం తేలిక. గొడ్డుమాంసం, పంది మాంసం తినని పిల్లలు, శాకాహారులు అలర్జీ కిందికి రారు. దానికి క్లాస్ టీచరుతో, పోషకాహార టీచరుతో విడిగా మాట్లాడి, తినని వంటకాల రోజు డబ్బా పంపే ఒప్పందం చేసుకోవాలి. కొత్త క్లాస్ టీచరుకు ఆ ఒప్పందం తెలియకపోవచ్చు. ఏముందో ఒక పేజీలో జపనీస్‌లో రాసి, ఏప్రిల్ మొదటి రోజే రెన్రాకుచో అనే, బడికీ ఇంటికీ మధ్య కబుర్లు రాసుకునే నోట్‌బుక్‌లో అంటించి పంపండి. చేపతో చేసే దాషి రసం చాలా వంటల్లో ఉంటుంది, దాని సంగతి కూడా అందులో తేల్చి రాయాలి.

పట్టా సభలో ఏం జరుగుతుంది? ఏం వేసుకోవాలి?

జిమ్‌లో జరుగుతుంది, ఒకటిన్నర నుంచి రెండు గంటలు. గోడల చుట్టూ ఎరుపు తెలుపు చారల తెరలు కడతారు. పిల్లలు వరుసగా లోపలికి వస్తారు, జాతీయ గీతం, బడి పాట పాడతారు. ఆ తర్వాత ఒక్కొక్కరి పేరూ పిలుస్తారు. పిల్లవాడు 'హై' అని గట్టిగా పలికి, వేదిక ఎక్కి, ముందు ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి చాచి పట్టా అందుకుని, వంగి నమస్కరించి, దాన్ని చంకకు ఆనించి మెట్లు దిగుతాడు. ఇంత చిన్న పనికి వారాల తరబడి సాధన చేయిస్తారు. చూసినప్పుడు ఎందుకో అర్థమవుతుంది: ప్రతి బిడ్డకూ ఆ హాలంతా నిశ్శబ్దంగా తన ఒక్కడినే చూసే అర నిమిషం దక్కుతుంది. ఆ సాధన రోజులు తప్పకుండా పంపండి. రాని పిల్లలు సభ రోజు ఎటు తిరగాలో తెలియక బెదిరిపోతారు.

అమ్మానాన్నలు ముదురు రంగు లేదా లేత రంగు పద్ధతైన బట్టలు వేసుకుంటారు. చీర నిక్షేపంగా కట్టుకోవచ్చు, కిమోనోలో వచ్చే తల్లులూ ఉంటారు. ఇంటి నుంచి స్లిప్పర్లు, విప్పిన బూట్లకు సంచి తీసుకెళ్లాలి. మార్చిలో జిమ్ నేల చల్లగా ఉంటుంది, మందమైన సాక్సు, కైరో అనే వేడి పొట్లం జేబులో ఉంచుకోండి. ఫొటోలు ఎక్కడి నుంచి తీయొచ్చో కాగితంలో రాస్తారు, లేచి నిలబడి తీయడం కుదరదు.

పిల్లల బట్టల్లో ఊరికో పద్ధతి. కొన్నిచోట్ల కొత్త చూగక్కో యూనిఫాంతో వస్తారు, కొన్నిచోట్ల సూటు, ఇంకొన్నిచోట్ల కిమోనో మీద కట్టే హకామా అనే పొడుగాటి లంగా లాంటి బట్ట. ఖర్చు పెరుగుతోందనీ, మెట్లెక్కేటప్పుడు, బాత్రూంకి వెళ్లేటప్పుడు ఇబ్బందనీ హకామా వద్దనే బడులున్నాయి. అద్దెకు మాట్లాడుకునే ముందు బడి కాగితం చదవండి.

పట్టా మీద పేరు ఎలా వస్తుంది?

మన ఇళ్లలో ఎక్కువ చిక్కు ఇక్కడే. చలికాలంలో బడి ఒక చీటీ పంపి, పట్టా మీద ఉండాల్సిన పేరు, పుట్టిన తేదీ సరిచూడమంటుంది. చాలామంది తెలుగువాళ్ల పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటుంది, లేదా ఇంటిపేరు చాలా పొడుగు. నివాస కార్డు పాస్‌పోర్టు వరుసనే అనుసరిస్తుంది. బడిలో మాత్రం రోజూ పిలిచేది కతకానాలో, అంటే విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపిలో, కుదించిన పేరు. పట్టాలో ఏది రాయాలో మీరు చెప్పకపోతే ఆ కుదించిన పేరే ఎక్కే ప్రమాదం ఉంది.

పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరు, అదే వరుసలో, రోమన్ అక్షరాల్లోనో కతకానాలోనో రాయమని చీటీ మీదే స్పష్టంగా రాయండి. పుట్టిన తేదీ క్రీస్తు శకంలో కావాలంటే అదీ రాయండి. వేదిక మీద పిలిచేటప్పుడు ఎలా పలకాలో టీచరుకు ఒకసారి నోటితో చెప్పి వినిపించండి. 'ళ', 'ల', 'ర' మూడూ కతకానాలో ఒక్కటే అవుతాయి, దీర్ఘం ఎక్కడో గీతతో చూపాలి. పట్టా మళ్లీ రాసి ఇవ్వడం చాలా కష్టం.

టీచరుకు కానుక ఇవ్వొచ్చా?

ప్రభుత్వ బడి టీచర్లు ప్రభుత్వ ఉద్యోగులు, వస్తువులు తీసుకోరు. ఇచ్చి ఇబ్బంది పెట్టకండి. పిల్లవాడు స్వయంగా రాసిన ఉత్తరం, తరగతి అంతా కలిసి సంతకాలతో నింపిన యోసెగాకి అట్ట ఆనందంగా తీసుకుంటారు. రెన్రాకుచోలో ఆఖరి రోజు నాలుగు వాక్యాల కృతజ్ఞత రాస్తే చాలు.

వచ్చే ఏడాది టీచరెవరో, ఏ సెక్షనో మార్చిలో చెబుతారా?

చెప్పరు. సెక్షన్లు కొన్ని బడుల్లో ఏటా, కొన్నిట్లో రెండేళ్లకోసారి కలిపి మళ్లీ విడదీస్తారు. ఏప్రిల్ మొదటి రోజు ఉదయం బడి ఆవరణలో జాబితా అంటిస్తారు, లేదా కాగితం చేతికిస్తారు. బదిలీ అయ్యే టీచర్ల పేర్లు మార్చి చివర ప్రకటిస్తారు. వాళ్లకు విడిగా వీడ్కోలు సభ పెట్టే బడులున్నాయి, సెలవుల్లో ఒక రోజు రమ్మంటారు.

ఫలానా పిల్లవాడితో పడటం లేదు, ఏడిపిస్తున్నాడు అన్న మాట ఉంటే ఫిబ్రవరిలోనే చెప్పాలి. సెక్షన్లు మార్చి మొదట్లోనే కూర్చుని కూర్చుతారు. 'ఫలానా స్నేహితుడితోనే వేయండి' అన్న కోరిక వినరు. వేధింపు, భాష సాయం, ఆరోగ్యం లాంటి కారణం అయితే వింటారు.

చివరి పేరెంట్స్ మీటింగుకు వెళ్లకపోతే ఏమవుతుంది?

హోగోషాకాయ్ ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో ఉంటుంది. వచ్చే ఏడాది పీటీఏ పనులు చాలాచోట్ల ఈ సమయంలోనే పంచుతారు. రాని వాళ్ల పేరు చీటీల్లో వేసి తీసే బడులూ ఉన్నాయి. భాష రాదని వెనక్కి తగ్గకండి, తేలికైన పనులు ముందే ఎంచుకున్న వాళ్లకే దక్కుతాయి: ఉదయం దారి దాటించే జెండా వంతు, క్రీడల రోజు సాయం లాంటివి. పెద్దగా మాట్లాడాల్సిన అవసరం ఉండదు.

వసంతం సెలవుల్లో పిల్లల్ని ఎక్కడ ఉంచాలి?

సెలవులు రెండు వారాల లోపే, హోంవర్కు దాదాపు ఉండదు. గాకుదోలో, అంటే బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే కేంద్రంలో, పేరు ఉన్నవాళ్లు ఉదయం నుంచి ఉండొచ్చు, డబ్బా పంపాలి. ఏప్రిల్ 1 నుంచి గాకుదో కొత్త ఏడాది మొదలవుతుంది, దానికి దరఖాస్తు చాలా ఊళ్లలో అంతకు ముందు నవంబరు నుంచి జనవరి మధ్యే ముగుస్తుంది. పాతవాళ్లు కూడా ఏటా మళ్లీ పెట్టుకోవాలి. 1వ తరగతిలో చేరబోయే పిల్లలు ప్రవేశ సభకు ముందే, ఏప్రిల్ 1 నుంచే గాకుదోకు వెళ్లొచ్చు. హోయికుఎన్, అంటే చిన్నపిల్లల సంరక్షణ కేంద్రం, మార్చి 31తో అయిపోతుంది కాబట్టి ఉద్యోగులకు ఆ వారం ఇదే ఆధారం.

ఏ వయసు పిల్లలు ఏప్రిల్‌లో 1వ తరగతిలో చేరతారు?

2026 ఏప్రిల్‌కైతే 2019 ఏప్రిల్ 2 నుంచి 2020 ఏప్రిల్ 1 మధ్య పుట్టినవాళ్లు. ఒక్క రోజు కూడా అటూ ఇటూ జరపరు. విదేశీ పిల్లలకు చదువు చట్టప్రకారం తప్పనిసరి కాదు, అడిగితే ఉచితంగా చేర్చుకుంటారు. అంటే మీరే నగర కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి.

మార్చి చివర వేరే ఊరికి మారుతున్నాం. ఏం చేయాలి?

తేదీ తెలిసిన రోజే క్లాస్ టీచరుకు చెప్పండి. పాత బడి రెండు పత్రాలు ఇస్తుంది: చదువుతున్నట్టు ధ్రువీకరించే జైగాకు షోమేషో, పుస్తకాలు ఇచ్చినట్టు తెలిపే క్యోకషో క్యూయో షోమేషో. నగర కార్యాలయంలో వెళ్లిపోతున్నట్టు నమోదు చేయించి, కొత్త ఊరు చేరాక 14 రోజుల్లోపు అక్కడ చిరునామా నమోదు చేయించాలి. అక్కడే విద్యా విభాగంలో కొత్త బడి పేరున్న కాగితం ఇస్తారు. మూడూ పట్టుకుని కొత్త బడికి వెళ్లాలి. వెళ్లే ముందు ఫోన్ చేయండి, సెలవుల్లో ఆఫీసు వేళలు తక్కువ.

ఏడాది మధ్యలో కంటే మార్చి చివర మారడమే నయం. కొత్త పుస్తకాలు కొత్త బడిలోనే వస్తాయి, అందరూ కొత్త సెక్షన్‌లో కూర్చునే రోజే మీ పిల్లవాడూ కూర్చుంటాడు. బడి డబ్బులు కోసుకునే బ్యాంకు ఖాతాలో మాత్రం ఆఖరి కోత పడేదాకా డబ్బు ఉంచండి.

ఇండియాకు తిరిగి వెళ్లిపోతున్నాం. టీసీ ఇస్తారా?

టీసీ అనే ఫారం జపాన్ బడుల్లో లేదు. ముందు ఇండియాలో చేర్చబోయే బడిని ఏమేం ఉండాలో రాతపూర్వకంగా అడిగి తెప్పించుకోండి. సాధారణంగా కావలసినవి: పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, వదిలిన తేదీ, పూర్తిచేసిన తరగతి, పై తరగతికి అర్హుడన్న వాక్యం, హెడ్‌మాస్టరు సంతకం, బడి ముద్ర. మార్కుల పత్రం విడిగా అడగాలి. ఇంగ్లీషులో రాయలేమని బడి అంటే, మీరే నమూనా టైపు చేసి పక్కన జపనీస్ అర్థం పెట్టి ఇవ్వండి, సరిచూసి ముద్ర వేసే బడులు చాలా ఉన్నాయి. ఒక్కోటి రెండు అసలు ప్రతులు తీసుకోండి.

ఇది ఫిబ్రవరి లోపు అడగాల్సిన పని. మార్చి చివర టీచర్ల బదిలీల హడావుడిలో పత్రాలు ఆలస్యమవుతాయి. అపోస్టిల్, అంటే పత్రం విదేశాల్లో చెల్లడానికి వేసే ధ్రువీకరణ, కావాలంటే జపాన్ విదేశాంగ శాఖ రుసుము లేకుండా వేస్తుంది, పత్రం మూడు నెలలలోపు ఇచ్చినదై ఉండాలి. చేరే తరగతి విషయంలో ఒక మాట: సీబీఎస్‌ఈ బడులు చాలావరకు ఏప్రిల్‌లో మొదలవుతాయి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర బడులు జూన్‌లో. రాష్ట్ర బడిలో చేర్చేవాళ్లకు రెండు నెలల వ్యవధి దొరుకుతుంది, తెలుగు చదవడం రాయడం అందుకోవడానికి ఆ సమయం చాలా విలువైనది.

సెలవులకు ముందే విమానం ఎక్కితే ఆ రోజులు గైర్హాజరుగానే రాస్తారు. ప్రోగ్రెస్ కార్డు ముందుగా ఇవ్వగలరేమో అడగండి, లేదంటే తీసుకోవడానికి తెలిసినవాళ్ల పేరు రాసి ఇవ్వండి.

ఏప్రిల్ మొదటి రోజు ఏం పంపాలి?

కడిగిన ఉవాబాకి, జోకిన్, రాత సామాను, ఖాళీ పెద్ద సంచి. కొత్త పుస్తకాలు ఆ రోజే ఇస్తారు, రందోసెరులో అన్నీ పట్టవు. ఇంటికి వచ్చే కట్టలో ఆరోగ్య వివరాల ఫారం, అత్యవసర ఫోన్ నంబర్ల చీటీ, ఇంటి నుంచి బడికి దారి గీయాల్సిన పటం ఉంటాయి. రెండు మూడు రోజుల్లో తిరిగి అడుగుతారు. కిందటి ఏడాది నింపిన వాటికి ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకుంటే అరగంటలో పని అయిపోతుంది. ఫీజుల సాయం, అంటే షూగాకు ఎంజో పొందుతున్నవాళ్లు ఆ దరఖాస్తును కూడా ఏటా కొత్తగా ఇవ్వాలి, ఆ ఫారం అదే కట్టలో ఉందేమో చూడండి.